బొంత నోరు

పోగు మళ్ళీ బయటికి వచ్చింది. ఇప్పుడే కదా కత్తిరించింది, ఇప్పుడే కదా రెండు వేళ్ళతో లోపలికి తోసి పైన అరచెయ్యి పెట్టి అదిమింది! చెయ్యి తీసీ తీయకముందే అదిగో, పాలమీగడ రంగులో, వెంట్రుక కంటే సన్నగా, బొంత మూల నుంచి తల బయట పెట్టింది. అంజినమ్మ మంచం పట్టె మీద కూర్చుని, ఎనిమిదో నెల కడుపును తొడల మీద ఆనించుకుని, ఆ పోగు వంకే చూస్తూ ఉండిపోయింది. పామును చూసినా ఇంత భయపడేది కాదు, పామైతే నలుగురినీ కేకేసి పిలవొచ్చు. దీనికి ఎవరిని పిలుస్తుంది? వీధి పైకొస నుంచి పోలీసులు ఇల్లిల్లూ సోదా చేసుకుంటూ దిగుతున్నారు. ఎదురింటి పిల్లమ్మ ఇందాక గడప అవతల నిలబడే చెప్పి పోయింది, లోపలికి అడుగైనా పెట్టలేదు. "మే అంజినీ, దఫేదారుతో ఒక తెల్ల సార్జెంటు గూడా ఉండాడు, దిండ్లు చించి చూస్తాండారు, జయరామప్పను పొద్దున్నే పట్టుకపోయినారంట. నీ మొగుడూ ఆ డిపోలోనే కదమ్మా పని?" ఆ చివరి మాట జాలిపడి అన్నదో, మొహంలో రంగు మారుతుందేమో చూద్దామని అన్నదో. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంజినమ్మ చెయ్యి అప్పుడే బొంత మూల మీదికి పోయింది. పిల్లమ్మ చూసిందా? చూసే ఉంటుంది. ఆమె కళ్ళు ఎక్కడికి పోవు గనక!

జయరామప్ప ఏం దొంగ? డిపోలోంచి తెచ్చిన గుడ్డముక్కతో చిన్నపిల్లకు టోపీ కుట్టాడు, అంతే. మిలిటరీ డిపోలో చినిగిన పారాచూట్లు అతుకువేసే దర్జీలలో ఆయనొకడు, అంజినమ్మ మొగుడు ఓబళప్ప ఒకడు. మగ్గానికి నూలు దొరక్క, కంట్రోలు వచ్చి, కబ్బన్‌పేటలో సగం మగ్గాలు బూజుపట్టాక ఈ వీధి మగవాళ్ళు చేతికి దొరికిన పనికల్లా పోయారు. మరీ చినిగి అతుకుకు కూడా పనికిరాని ముక్కల్ని ఆ డిపోలో కుప్పపోసి కాల్చేస్తారట. కాల్చేస్తారటమ్మా! నేతగాడి కళ్ళ ముందు పట్టుగుడ్డ కాల్చేస్తుంటే చేతులు ఊరుకుంటాయా? అంగట్లో గజం గుడ్డకు చీటీ పట్టుకుని పొద్దున్నుంచి వరసలో నిలబడినా సాయంత్రానికి లేదంటారు, పుట్టబోయే బిడ్డకు పరచడానికి మెత్తటి గుడ్డ పేలిక లేదు ఇంట్లో. ఓబళప్ప మొదటిరోజు పంచె కింద నడుముకు చుట్టుకుని తెచ్చాడు, వచ్చి తలుపు మూసి విప్పుతుంటే మనిషి వణికిపోతున్నాడు. ఆమె మాత్రం ఆ గుడ్డ చూసి నవ్వింది. నిజంగా నవ్వింది, పాపిష్ఠిది. చెంపకు ఆనించుకుని, "ఎంత మెత్తగుందో చూడప్పా" అంది. అప్పుడు వద్దని ఉంటే! ఒక్క మాట, వద్దయ్యా, రేపు పట్టుకపోయి ఆ మంటలోనే పడేయి, అని ఉంటే! అనలేదు, పైగా ఇంకో ముక్క ఉంటే చాలు బొంత నడుమ పొర మొత్తం సరిపోతుందని ఆమే అడిగింది. అడిగింది ఆమే. ఈ మాట దఫేదారుకు చెబితే ఆయన్ను వదిలి ఆమెను తీసుకుపోతారా? ఎనిమిదో నెల మనిషిని ఎలా తీసుకుపోతారు, ఆయన్నే తీసుకుపోతారు, యుద్ధం రోజుల చట్టానికి జాలి ఉండదట, ఏండ్ల తరబడి లోపల వేస్తారట.

పైన ఎక్కడో ఇత్తడి బిందె దొర్లిన చప్పుడు. చిక్కమునియప్ప ఇల్లా? కాదు, అంత దగ్గర కాదు, ఇంకా పైన. ఎండలో గుర్రబ్బండి ఒకటి వీధి మొగలో ఆగింది, బండివాడు ముందుకు పోనిమ్మంటున్నాడు, పోలీసు పోనివ్వడం లేదు. రెండు కొసలా మనుషుల్ని నిలబెట్టారన్నమాట. లోపల గోడకు ఆనుకుని అత్త మారెమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది, రెండు కళ్ళలోనూ పువ్వులు, వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఏమి వింటోందో, ఏమి ఆలోచిస్తోందో. ఈమెకు చెప్పలేదు. పట్టు కోసి కుట్టిన ఆ పది రోజులూ మారెమ్మ కె.ఆర్. పురంలో కూతురింట్లో ఉంది. ఉండి ఉంటే ఇంత పని జరగనిచ్చేదా? నోరా అది, ఊరంతా వినబడే నోరు. పట్టుగూళ్ళు ఉడికే నీళ్ళలో వేళ్ళు పెట్టి నలభై ఏండ్లు దారం తీసిన మనిషి, ఒళ్ళు మొద్దుబారినా మాట మొద్దుబారలేదు. తెలిస్తే మగ్గం గుంటలో దిగి గుండెలు బాదుకునేది.

పట్టు, పట్టు, ఈ పట్టు ఎంత ఏడిపించింది! నూలు చీర ముక్క అయితే కత్తెర పడినచోట రెండు పోగులు లేస్తాయి, మడిచి కుడితే నోరు మూసుకుని పడి ఉంటుంది. ఇది అలా కాదు. మొదటి ముక్క కోసిన అరగంటకే చుట్టూ వేలెడు వెడల్పున పీచుపీచైపోయింది. పట్టుకుంటే ఊడుతుంది, పక్కన పెడితే ఊడుతుంది, ఊపిరి తగిలినా ఊడుతుంది. పోగులు ఆమె కొప్పులో దొరికాయి, ముద్దలో దొరికాయి, ఓబళప్ప మీసంలో ఒకటి దొరికితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది, పుట్టినూరు హూడిలో వసారాలో కూర్చుని పాత పంచెలు కోస్తూ అమ్మ చెప్పిన మాట. గుడ్డకు అంచున్న పక్క భయం లేదే పాపా, అక్కడ అడ్డంగా వచ్చే పేక పోగు తిరిగి లోపలికే పోతాది, ఊడాలన్నా ఊడదు. మనం కోసిన పక్కకు అంచు మనమే ఇయ్యాల. అందుకని అంజినమ్మ గంజి కాచింది. ఆ రోజు అన్నం వార్చిన గంజి చుక్క పోనివ్వకుండా అందులో పట్టు ముంచి, నీడన ఆరబెట్టి, బిరుసెక్కాక పోగు వెంట పోగు చూసుకుంటూ కోసింది. గంజి పట్టాక అది మాట విన్నది. కోసిన ప్రతి ముక్కకూ బొటనవేలు వెడల్పు వదిలి, ఆ వదిలినదాన్ని రెండుసార్లు లోపలికి మడిచి, మడత మీద రెండు వరసలు కుట్టింది. ఓరగా కోసిన చోట్ల పోగు తక్కువ ఊడుతుందని తనకై తాను తెలుసుకుంది, అమ్మకు కూడా తెలియని సంగతి అని అప్పుడు కాస్త గర్వపడింది కూడా. పైన పేటలోని ఆడవాళ్ళ పాత చీరల ముక్కలు, కింద ఓబళప్ప నాన్న పాత పంచె, నడుమ ఈ దొంగసొమ్ము. నాలుగు పక్కలా కుట్టేశాక పైకి ఒక్క పోగు కనబడలేదు. ఎవరొచ్చి చూసినా బాలింత బొంత, అంతే.

నోరు తప్ప! నోరు ఒక్కటి తప్ప! కాళ్ళవైపు కుడిమూల రెండు వేళ్ళ మేర కుట్టు వెయ్యకుండా వదిలేస్తారు ఈ వీధిలో, కడుపుతో ఉన్నదాని బొంతకు. అక్కడ మడత పెట్టకూడదు, ముడి వెయ్యకూడదు, లోపలి పొర కోసింది కోసినట్టే ఉండాలి. కాన్పు అయి పదకొండో రోజు నీళ్ళు పోసుకున్నాక మంత్రసాని చేత్తో ఆ నోరు కుట్టిస్తారు. ముందే మూస్తే బిడ్డకు దారి మూసినట్టు. మొదటి కడుపప్పుడు అంజినమ్మకు ఇదేమీ తెలియదు. హూడిలో ఈ ఆచారం లేదు, కొత్తగా వచ్చిన కోడలు, పనిమంతురాలు అనిపించుకోవాలని తాపత్రయం. బొంత మూల కుట్టుతప్పి ఉందనుకుని ఏడో నెలలో కూర్చుని ముచ్చటగా మూసేసింది. ముచ్చటగానే కుట్టింది, చిన్నచిన్న కుట్లు, ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. బిడ్డ బొడ్డుతాడు మెడకు చుట్టుకుని నీలంగా వచ్చింది. ఆడపిల్ల. జుట్టు బాగా ఉండింది. ఎవరో బొంత తిరగేసి చూసి, నోరు మూసేసింది చూడండమ్మా, అన్నారు. అంతే, వీధి వీధంతా అదే మాట. మారెమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఉప్పు ఎక్కువైతే ఊరంతా చాటే మనిషి, ఆ సంగతి మీద ఇన్నాళ్ళలో ఒక్క మాట అనలేదు, అనకపోవడమే అంజినమ్మకు ఎక్కువ కోసింది. పగలు పనిలో ఉన్నప్పుడు, బొంతకూ బిడ్డకూ ఏం సంబంధం, పిచ్చి కాకపోతే, అనుకుంటుంది. కానీ ఈసారి నోరు వదిలింది. దొంగ పట్టు నడుమ పెట్టి కూడా వదిలింది. అన్నీ మడిచి, అన్నీ మూసి, ఆ రెండు వేళ్ళ చోటు మాత్రం పచ్చిగా, కోసింది కోసినట్టు వదిలేసి, చింతగింజల గంజి మాత్రం కాస్త పూసి దణ్ణం పెట్టుకుంది. గంజి ఎండి, రోజూ మనుషులు పడుకుని లేస్తూ ఉంటే పొరలు పొరలుగా రాలిపోయింది. ఇప్పుడు ఇదిగో.

కత్తెర తీసి మళ్ళీ కోసింది. కోస్తే ఆ పక్కది లేచింది. దాన్నీ కోసింది. కోసేకొద్దీ నోరు పెద్దదవుతోంది తప్ప పోగులు తగ్గడం లేదు, చీర కొంగున తెల్లటి నలుసులు, వేళ్ళకు, మోచేతికి. ఏమి చేస్తున్నానే నేను! నేల మీద పడ్డవాటిని ఒంగి ఏరుకోవాలంటే కడుపు అడ్డం, కాలి బొటనవేలితో దగ్గరికి లాగి ఉమ్మి తడి చేసి వేలికి అంటించుకుని పొయ్యిలో వేసింది. చుర్రుమని వెంట్రుక కాలిన వాసన. ఆ వాసన వీధిలోకి పోతుందేమోనని గాభరాపడి నీళ్ళు చల్లింది. అందుకే కదా మొత్తం బొంతను కాల్చడానికి లేదు, పట్టు కాలితే శవం కాలినట్టే ఉంటుంది, నేతవీధిలో ఆ వాసన తెలియని ముక్కు లేదు. పెరట్లో పూడ్చడానికి ఈ కడుపుతో గుంత ఎవరు తవ్వుతారు? మగ్గం గుంటలో వేస్తే మొట్టమొదట చూసేది అదే. చింతగింజల గంజి చిప్పలో అడుగున కాస్త ఉంది, వేలితో గీకి నోటికి పూసింది. పోగులు అణిగాయి. అమ్మయ్య! కానీ ఆ చోటు తడిగా, నల్లగా, ఇక్కడ చూడండి అని చెబుతున్నట్టు మచ్చపడింది. ఆరాలి. గాలిలేని ఇంట్లో ఎప్పుడు ఆరుతుంది? విసనకర్రతో విసిరింది, విసరగా విసరగా పై పై ఆరి, అంచు కొంచెం ఎండిన చోట మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు. దీపం గూట్లో కొవ్వొత్తి ముక్క ఉంటే తెచ్చి రుద్దింది. మైనం పట్టిన పోగు ఊడదు, నిజమే, కానీ పంది వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని నిలబడ్డాయి అన్నీ. దేవుడా, చెన్నకేశవస్వామీ, నీ గుడికి నూలు వత్తులు పది రోజులు నేనే పట్టుకొస్తా.

"ఏమే అది, విసురుతాండావు?" మారెమ్మ గోడ దగ్గర్నుంచి.

"ఉక్కపోస్తాంది అత్తా."

"వచ్చినారా వాళ్ళు?"

"ఇంకా రాలేదత్తా. నువ్వు సుమ్నే, కదలకుండా కూర్చో."

గొంతు మామూలుగా వచ్చిందా? వచ్చినట్టే ఉంది. చిక్కమునియప్ప ఇంట్లో పడ్డారు ఇప్పుడు, ఇది ఖాయం, ఆ ఇంటి ముసలాయన దగ్గు వినబడింది, పెట్టె మూత దబాలున పడింది. దానికి ఈ ఇంటికి నడుమ రెండే ఇండ్లు. ఓబళప్ప ఇప్పుడు ఏం చేస్తుంటాడు? డిపోలో ఒంటిగంట కూత అయిపోయి ఉంటుంది, బల్ల మీద కూర్చుని కాళ్ళతో మిషను తొక్కుతూ ఉంటాడు, పక్క బల్ల ఖాళీగా ఉంటుంది కాబట్టి జయరామప్ప సంగతి తెలిసే ఉంటుంది, తెలిసి పారిపోవడానికీ లేదు, ఇంటికి రావడానికీ లేదు. సూది వేలిలో గుచ్చుకుంటుంది ఆయనకు, భయపడితే చేతులు నిలవవు. నెమ్మదస్తుడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చీమల్ని తొక్కకుండా పక్కకు జరిగి నడుస్తుంటే ఈయనేం మగవాడమ్మా అనుకుంది. ఆ బిడ్డ పోయినప్పుడు వీధంతా ఆమెను అంటుంటే అరుగు మీదకు పోయి, నా పెండ్లాన్ని ఇంకొక మాట అంటే చూడండి, అని అరిచాడు, అరిచి లోపలికి వచ్చి ఏడ్చాడు. అలాంటి మనిషి జైలులో ఎలా బతుకుతాడు? కొడతారట. నిజం చెప్పేదాకా కొడతారట. ఎంత కొడితే ఆయన చెప్పేస్తాడో ఆమెకు తెలుసు, మొదటి దెబ్బకే చెప్పేస్తాడు. చెప్పి, తప్పు నాదే, దానికేమీ తెలీదు, అంటాడు.

సూది. సూది ఒక్కటే మిగిలింది. ఆరు కుట్లు, ఏడు కుట్లు, మడిచి లోపలికి తోసి చుట్టూ గట్టిగా లాగి కుట్టేస్తే ఏ పోగూ బయటికి రాదు. ఎంత సేపు పని? చుట్ట కాల్చినంత సేపు కూడా పట్టదు. మూసెయ్యి. లోపలి నుంచి ఎవరో అంటున్నట్టు, మూసెయ్యవే, మూసెయ్యి. అప్పుడే కడుపులో బిడ్డ తిరిగింది, మోకాలో మడమో పక్కటెముకల కింద తన్నింది. నీకేం తెలుసు, నువ్వు ఊరికే ఉండు, నీకేం తెలుసు. ఇది మూస్తే నీకు దారి ఉంటుందో ఉండదో, మూయకపోతే మీ నాన్న ఉంటాడో ఉండడో. మంత్రసాని గౌరమ్మ ఏమన్నది? తల కిందికి తిరిగింది, అంతా బాగుంది, బయపడొద్దు, అన్నది. పోయినసారీ అలాగే అన్నది. పోయినసారీ అంతా బాగుందనే అన్నది కదా! మూసి, వాళ్ళు పోగానే విప్పేస్తే? కాసేపటికి ఏమవుతుంది, కాసేపటికి దేవుడు లెక్కపెట్టుకుంటాడా? కానీ పోయినసారి బొడ్డుతాడు ఎప్పుడు చుట్టుకుందో ఎవరు చూశారు, అది కూడా ఒక్క ఘడియలోనే చుట్టుకుని ఉంటుంది. పక్క ఇంట్లో బూట్లు. పక్క ఇంట్లోనే! సూదిలో దారం ఎక్కడం లేదు, నోటితో తడిపింది, పళ్ళతో కొరికింది, మళ్ళీ తడిపింది, ఎక్కింది. ముడి వేసింది. ముడి వెయ్యకూడదు, వేసింది. మొదటి కుట్టు. నా బంగారు తల్లీ, నువ్వు అబ్బాయివైనా అమ్మాయివైనా సరే, కొంచెం సేపు ఓర్చుకో. రెండోది. ఊపిరి బిగబట్టింది, తాను ఊపిరి బిగబడితే లోపల బిడ్డకు కూడా అందదేమోనని గబుక్కున వదిలింది. మూడు, నాలుగు. మీ నాన్న మంచివాడే, నిన్ను ఎత్తుకుంటాడు, చూడు, ఎత్తుకోవడానికి ఉండాలి కదా ఆయన. అయిదు. కళ్ళలో నీళ్ళు అడ్డొచ్చి ఆరో కుట్టు వంకరపోయింది. ఏడో కుట్టు వేసి దారం తెంపి సూదిని కొంగుకు గుచ్చుకునేసరికి వాకిట్లో నీడ పడింది.

దఫేదారు వెంకటగిరియప్ప పేటకు కొత్తవాడు కాదు. ఆయన తల్లి ఈ వీధి ఆడపడుచే, చిన్నప్పుడు ఈ అరుగుల మీద ఆడినవాడే. అయినా ఇప్పుడు టోపీ కింద మొహం మొహంలా లేదు, చెమట కారుతోంది. వెనక సార్జెంటు, ఎర్రగా కమిలిన మెడ, చేతిలో లాఠీ. ఏదో అన్నాడు, దఫేదారు తలూపాడు. పెట్టె తీయించారు. కట్టుబట్టలు, మూడు చీరలు, పెళ్ళినాటి పంచె ఒకటి. దిండు చించారు, పాత దూది రాలింది. మగ్గం గుంటలో సార్జెంటే దిగి లాఠీతో పొడిచాడు. అటక మీద కుండలు దించారు. అంజినమ్మ మంచం పక్కన గోడకు అతుక్కుని, పట్టె పట్టుకుని నిలబడింది. చూడొద్దు, బొంత వైపు చూడొద్దు, అనుకుంటే కళ్ళు అటే పోతున్నాయి. సార్జెంటు బొంతను లాఠీ కొసతో ఎత్తాడు, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, పాత గుడ్డల వాసనకు ముక్కు చిట్లించి వదిలేశాడు. వదిలేశాడు! బయటికి అడుగు వేశాడు కూడా.

దఫేదారు మాత్రం ఆగాడు. సర్దుదామనో ఏమో చెదిరిన బొంతను మంచం మీదికి లాగుతూ, కుడిమూల చేతికి తగిలితే ఆగి, ఒంగి చూశాడు.

"ఏమ్మా ఇది?" అన్నాడు. మొదట ఆ గొంతులో ఏ అనుమానమూ లేదు, ఇంటి మనిషి మందలించినట్టే ఉంది. "నిండు కడుపుతో ఉండావు, బొంత నోరు కుట్టేసినావే? ఎవురూ చెప్పలేదా నీకు?"

అంజినమ్మ నోరు తెరిచింది. తెలియదప్పా అనాలి, హూడి వాళ్ళం మాకు ఆ పద్ధతి లేదు అనాలి. కానీ ఈయనకు తెలుసు, వీధి అందరికీ తెలుసు, పోయిన బిడ్డ సంగతి తెలుసు, ఒకసారి అలా చేతులు కాల్చుకున్నది మళ్ళీ తెలియక మూసిందంటే చిన్నపిల్లైనా నమ్ముతుందా? ఆయన ఆమె మొహం వంక చూశాడు. మళ్ళీ కుట్ల వంక చూశాడు. కొత్త దారం, తడి గంజి మచ్చ, వంకరపోయిన కుట్టు. ఆమె కొంగుకు ఇంకా వేలాడుతున్న సూది. ఆయన కళ్ళలో మందలింపు పోయి మరొకటి రావడం అంజినమ్మ చూసింది. వాకిట్లోకి వెళ్ళిన సార్జెంటు వెనక్కి తిరిగి ఏమిటన్నట్టు అరిచాడు. దఫేదారు చెయ్యి కత్తెర మీదికి పోయింది, మంచం మీదే వదిలేసింది కత్తెర, మతిలేనిది. అయిపోయింది. కొంప మునిగింది. ఇద్దరు బిడ్డల్నీ తిన్నాను, మొగుణ్ణీ తిన్నాను.

"అది దానిది కాదప్పా, నాది."

మారెమ్మ గోడ పట్టుకుని లేచింది. లేచి, చేతులు చాపి తడుముకుంటూ మంచం దాకా వచ్చింది, ఒక చేత్తో దఫేదారును పక్కకు నెట్టింది. నిజంగానే నెట్టింది, పోలీసును. "నా బొంతకు నోరెందుకు? కాటికి పోయేదాని బొంత నాలుగు మూలలా మూస్తారని మీ అమ్మ చెప్పలేదా నీకు? నేనే కుట్టమంటిని. పొద్దున్నుంచి గుండె పట్టేస్తాంది, ఈ పొద్దో రేపో అని, బేగ మూయవే అంటే ఏడస్తా కుట్టింది అది. చూడు దాని మొకం." అంటూనే మంచం ఎక్కి, బొంతను కిందనుంచి లాక్కుని, పాదాల నుంచి గడ్డం దాకా కప్పుకుని, చేతులు రెండూ లోపల పెట్టుకుని పడుకుంది. "ఊ, చించుకో. పోయేదాన్ని, నా మీదనే చించుకో."

వెంకటగిరియప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. పోయేవాళ్ళ బొంత మనిషి బతికుండగా ఇంకొకరు ముట్టకూడదు, ముట్టినవాడి ఇంటికి ఆ చావు వెంట వస్తుందంటారు. ఆయన తాకిన చేతినే చూసుకుంటున్నాడు. నమ్మాడో లేదో, నమ్మకపోయినా చాలు. సార్జెంటు మళ్ళీ అరిచాడు. దఫేదారు ఏదో జవాబు చెప్పాడు, ముసలమ్మ, జబ్బు, అనే అర్థం వచ్చేట్టు చేత్తో చూపించాడు. వెళుతూ వెళుతూ బాన దగ్గర ఆగి చెంబుతో నీళ్ళు ముంచుకుని రెండు చేతులూ బాగా కడుక్కున్నాడు. అంజినమ్మ వైపు చూడలేదు. బూట్ల చప్పుడు పిల్లమ్మ వాకిలి వైపు పోయింది.

అంజినమ్మ కూలబడింది. మంచం కోడు పట్టుకుని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంత సేపో తెలియదు. పిల్లమ్మ ఇంటి తలుపు కూడా మూసుకుని, చప్పుళ్ళు వీధి కింది కొసకు దిగిపోయాక, "ఎప్పట్నించి తెలుసత్తా నీకు?" అంది.

"పురం నించి వచ్చిన మొదటి రేయే. ఒత్తిగిల్లితే లోపల పట్టు మాట్లాడింది. కండ్లు పోయినాయి గానీ చెవులుండాయి కదే."

"మరి ఏమీ అనలేదు."

"ఏమనేది? నా కొడుకు తెచ్చింది, నా మనమడికి పరిచేది."

అంజినమ్మ లేచింది. కత్తెర దొరికింది. "పోయినారత్తా, కింది కొసకు పోయినారు. నోరు విప్పేస్తా. బేగ విప్పేస్తా, ఆ మూల ఇట్లియ్యి."

బొంత లోపలి నుంచి మారెమ్మ చెయ్యి బయటికి వచ్చి కత్తెర పట్టుకున్న మణికట్టును పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"వద్దు."

"అత్తా!"

"నాదని చెప్పేసినా. ఇప్పుడు విప్పినావంటే మళ్ళీ నీదైపోతాది. మూసింది మూసినట్లే ఉండనీ. ఏమొచ్చేదుంటే నాకే రానీ." మణికట్టు వదల్లేదు. "ఆ పిల్లప్పుడు నేను చెప్పి ఉంటే నువ్వు మూసేదానివి కాదు. కొత్త కోడలికి చెప్పాలని నాకు తోచలేదు. ఎందుకో తోచలేదు. పోనీలే. ఇంకో బొంత కుట్టుకో, ఒట్టి నూలుతో. దానికి నోరు వదులు."

ఆ మాట అని మారెమ్మ కళ్ళు మూసుకుంది. పగలు ఎన్నడూ కునుకు తీయని మనిషి, కొడుకు పుట్టిన రోజు కూడా సాయంత్రానికి లేచి దారం తీసిందంటారు, ఇప్పుడు మాట్లాడకుండా పడుకుంది. అంజినమ్మ కాసేపు చూసింది. అత్తా, అని పిలిచింది. పలకలేదు. భయం ఎక్కడికి పోయింది, ఇంట్లోంచి పోలేదు, మంచం ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిగింది, అంతే. ఆమె ఒంగి, వీలుకాక మోకాళ్ళ మీద కూర్చుని, ముసలామె ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. వేళ్ళకు వెచ్చగా ఊపిరి తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుందామనుకుంది, తీస్తే ఆగిపోతుందేమోనని తీయలేక, అక్కడే ఉంచింది.